పాత నవలని ఇంకొకరు మళ్ళీ రాస్తే మనకెందుకంత ఇష్టం? (జేమ్స్ ముగింపు ఎవరూ బయటపెట్టొద్దు ప్లీజ్)

మూడో_కాపీ

కొంచెం పొడుగ్గా రాస్తాను, తిట్టుకోకండి.

చిన్నప్పుడు మా ఊరి గ్రంథాలయంలో నండూరి రామమోహనరావు గారి అనువాదంలో మార్క్ ట్వెయిన్ హకల్‌బెరీ ఫిన్ చదివాను. అట్ట ఊడిపోయి, పేజీలు పురికొసతో కుట్టి ఉండేవి. ఇప్పటికీ గుర్తున్నదల్లా తెప్ప, పెద్ద నది, రాత్రిళ్ళు చుక్కలు చూసుకుంటూ పోవడం. జిమ్ అంటే హక్ పక్కన ఉండే నల్లజాతి బానిస, మంచి అమాయకుడు, అంతకుమించి నేనేమీ ఆలోచించలేదు.

పోయిన నెల పర్సివల్ ఎవరెట్ రాసిన 'జేమ్స్' చదివాను. 2024లో వచ్చింది, మరుసటేడు పులిట్జర్ కూడా వచ్చింది. అదే నది, అదే తెప్ప, కాకపోతే కథ చెప్పేది జిమ్, అంటే జేమ్స్. మొదట్లోనే ఒక సీనుంది. జిమ్ తన గుడిసెలో పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్తుంటాడు. ఏం పాఠమంటే, తెల్లవాళ్ళ ముందు తప్పుల తడకగా ఎలా మాట్లాడాలో! వాళ్ళలో వాళ్ళు శుభ్రమైన ఇంగ్లీషు మాట్లాడుకుంటారు, తెల్లమనిషి కనబడగానే మాట మార్చేస్తారు. అమ్మగారి వంటింట్లో మంట లేచింది, ఏమంటారర్రా అని అడుగుతాడు. "మంట" అనకూడదట. అయ్యో అమ్మగారూ, అటు చూడండి అనాలట. ముంచుకొచ్చింది ఫలానా ఆపద అని చెప్పే గౌరవం కూడా వాళ్ళకే వదిలెయ్యాలి.

అది చదివి పుస్తకం మూసి, మళ్ళీ ట్వెయిన్ దగ్గరికెళ్ళాను. హక్ సరదాకి చచ్చిన పాముని జిమ్ దుప్పటి మీద పెట్టడం, దాని జోడు పాము వచ్చి కాటెయ్యడం ఉంటుంది కదా, ఈసారి నవ్వు రాలేదు. చివర్లో టామ్ సాయర్ వచ్చి ఆటలాడతాడే, అప్పటికే జిమ్‌కి స్వేచ్ఛ వచ్చేసిందని తెలిసి కూడా ఎలకల్నీ పాముల్నీ ఆ గదిలోకి తోలతాడే, ఆ అధ్యాయాలు చదవడం నా వల్ల కాలేదు.

ఇంతకీ నా ప్రశ్న. కథ తెలుసు, మలుపులు తెలుసు. అయినా రాత్రి రెండింటి దాకా ఎందుకు చదివాను?

నిష్ఠూరం

ఎదురు చెప్పడానికే వచ్చాను, పేరు చూశారుగా.

ఒకరు వేసిన పునాది మీద ఇంకొకరు మేడ కట్టుకోవడం ఇది. పాత్రల్ని పుట్టించే కష్టం లేదు, పేరుకి ప్రచారం అక్కర్లేదు. 2009లో 'ప్రైడ్ అండ్ ప్రిజుడిస్'లోకి జాంబీలని తోలి ఒకాయన పుస్తకం వేస్తే అదీ బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. ఎయిర్‌పోర్టు పుస్తకాల షాపులో చూడండి, ద్రౌపది చెప్పిన భారతం, ఫలానావారు చెప్పిన రామాయణం, వరసగా నిలబెట్టి ఉంటాయి.

అసలు ఫిర్యాదు అది కాదు. ఈ కొత్త పుస్తకాల్లో పాతకాలం మనుషులంతా మన అభిప్రాయాలే మాట్లాడతారు. ఆ కాలపు బానిస కలలో ఫ్రెంచి తత్వవేత్త వాల్టేర్‌తో వాదన పెట్టుకుంటాడు. మనం ఆహా అంటాం. ఎందుకనం, అక్కడ కనబడేది మన మొహమే కదా. నేను జేమ్స్ సగంలో ఆపేశాను.

మూడో_కాపీ

వాల్టేర్ దగ్గర నేనూ కాస్త ఇబ్బంది పడ్డాను, అబద్ధమెందుకు. కానీ మీరు పెన్సిల్ దాకా వెళ్ళారా? జార్జ్ అనే కుర్రాడు జేమ్స్ కోసం యజమాని దగ్గర పెన్సిల్ ముక్క దొంగిలిస్తాడు. బొటనవేలంత ముక్క. దానికి ప్రాణం తీస్తారు. తర్వాత జేమ్స్ నది దాటినా, పరిగెత్తినా, జేబులో పెన్సిల్ ఉందా అని తడుముకుంటుంటే నాకు ఊపిరాడలేదు. అందులో నా మొహం కనబడలేదండీ. నేను డెస్కు సొరుగులో పదమూడు పెన్నులు పడేసుకుని ఒక్క పేజీ రాయని రకం.

గోదారి_మాస్టారు

నిష్ఠూరం గారూ, మీ లెక్కన అయితే మన తెలుగు నవలకి ముందే సున్నా మార్కులు వెయ్యాలి. కందుకూరి 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని'లో వరసగా వచ్చి 1880లో పుస్తకమైంది. దాని వెనక ఉన్నది గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'. అక్కడి పల్లెటూరి ఫాదరీగారు ధవళేశ్వరం వచ్చేసరికి రాజశేఖరుడైపోయాడు. డబ్బు పోగొట్టుకోవడం, ఊరు విడిచిపోవడం, ఆడపిల్లల కష్టాలు, ఆ ఎముకలు అవే. కండ మాత్రం గోదావరి జిల్లాది. బంగారం చేసిపెడతానని నమ్మించి ఇంట్లో నగలన్నీ ఊడ్చుకుపోయే బైరాగి ఇంగ్లండులో దొరకడు, మా వైపు మాత్రం ఇప్పటికీ దొరుకుతాడు, వేషమే మారింది. తమాషా ఏమిటంటే ఈ పుస్తకం మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళి 1887లో లండన్‌లో అచ్చయింది. మనవడు తాతగారింటికి వెళ్ళినట్టు.

నేను ధవళేశ్వరంలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. సాయంత్రం బడి వదిలాక జనార్దనస్వామి కొండ మెట్ల మీద కూర్చుని, కిందున్న నీళ్ళు చూస్తూ, వేక్‌ఫీల్డ్ ఎక్కడ, ఇదెక్కడ అనుకునేవాణ్ణి. తొమ్మిదో తరగతి పిల్లలకి బైరాగి ఘట్టం చదివి వినిపిస్తే ఒకడు లేచి, మా బాబాయిని కూడా ఇలాగే ముంచారండీ అన్నాడు. గోల్డ్‌స్మిత్ చదివి వినిపిస్తే ఆ మాట వచ్చేది కాదు.

సిక్కోలు_కుర్రోడు

మాస్టారూ, తర్వాత పోస్టు "మరల నిదేల రామాయణంబన్నచో" అని నాకు ముందే తెలుసు 😀

గోదారి_మాస్టారు

రాయబోయి చెరిపేశాను నాయనా. తినే అన్నమే రోజూ తింటున్నాం కదా అని విశ్వనాథవారు ఎప్పుడో చెప్పేశారు. మీరందరూ కంఠతా పట్టిన పద్యం నేనెందుకు వెయ్యడం.

లలిత_డల్లాస్

నేను చదివిన మేరకు చెప్తాను. కాలేజీలో 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' సిలబస్‌లో ఉండేది. గైడు చదివి పాసయ్యాను, నవల తెరవలేదు. ఇక్కడికొచ్చాక బుక్ క్లబ్బులో బార్బరా కింగ్‌సాల్వర్ 'డీమన్ కాపర్‌హెడ్' పెట్టారు. 2022 పుస్తకం. డికెన్స్ కథని వర్జీనియాలో లీ కౌంటీ అనే కొండ ప్రాంతానికి తెచ్చి, లండన్ పేదరికం బదులు నొప్పి మాత్రల వ్యసనం పెట్టింది ఆవిడ.

నేను ఫార్మసీలో పనిచేస్తాను. ట్రేలో మాత్రలు పోసి చిన్న గరిటెలాంటి దానితో ఐదేసి చొప్పున పక్కకి నెడుతూ లెక్కపెడతాం. కొన్ని మాత్రలకి రెండుసార్లు లెక్క, సంతకం, తాళం. ఆ పుస్తకం చదువుతున్న రోజుల్లో ఒక కుర్రాడు చీటీ పట్టుకొచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఆట ఆడేటప్పుడు మోకాలికి దెబ్బట, నవలలో డీమన్‌కీ అంతే. ఐదు, పది, పదిహేను అని నెడుతుంటే చెయ్యి ఆగిపోయి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను. వెనక క్యూలో వాళ్ళు విసుక్కున్నారు.

ఆ తర్వాతే డికెన్స్ తెరిచాను, ఇరవై రెండేళ్ళ ఆలస్యంగా. డేవిడ్ సారా గిడ్డంగిలో సీసాలు కడగడం, డీమన్ దుకాణం వెనక చెత్త వేరుచెయ్యడం పక్కపక్కన పెట్టుకుని చదివాను. అంటే నాకు కొత్తదే పాతదానికి గైడు అయింది, కాలేజీ గైడు కన్నా ఎంతో నయం.

సిక్కోలు_కుర్రోడు

లలిత గారూ, అందులో డికెన్స్ పాత్రల పేర్లు జతపరచడం ఒక ఆట కదా! స్టీర్‌ఫోర్త్ ఫాస్ట్ ఫార్వర్డ్ అయ్యాడు, యురయా హీప్ కాస్తా యూ-హాల్, ఆగ్నెస్ ఏమో ఆంగస్. ఒక్కొక్కడూ వస్తుంటే పెళ్ళిలో దూరపు చుట్టాన్ని గుర్తుపట్టినట్టు, ఓహో నువ్వు ఫలానావాళ్ళ అబ్బాయివా అనిపించింది. సస్పెన్స్ పోలేదు సరికదా, పెరిగింది. ఫాస్ట్ ఫార్వర్డ్ నవ్వుతూ రాగానే వీణ్ణి నమ్మకురా నాయనా అని మనం అరుస్తాం, వాడికి వినబడదు.

మొదటి వాక్యం చూశారా? డికెన్స్ మొదటి అధ్యాయం పేరు "నేను పుట్టుట". ఇక్కడ డీమన్ అనేది, ముందుగా నన్ను నేనే కన్నాను, అన్నట్టుగా ఉంటుంది. అమ్మ మత్తులో పడుంటే వీడే పని కానిచ్చుకున్నాడట. ఆ ఒక్క వాక్యంలో పిల్లాడి పొగరంతా వచ్చేసింది.

నిష్ఠూరం

ఇది ఒప్పుకుంటా, డీమన్ నాకూ నచ్చింది. కానీ చూడండి, ఆవిడ డికెన్స్‌ని సరిదిద్దడానికి రాయలేదు, ఆయన కోపాన్ని అప్పు తెచ్చుకుంది. నాకు చిరాకు తెప్పించేది సరిదిద్దే రకం.

నెల్లూరి_కుమారి

సరిదిద్దాల్సినవి కూడా ఉన్నాయి కదండీ. 'జేన్ ఐర్' 1847. అటక మీద గదిలో ఒక పిచ్చి మనిషి, కథానాయకుడు రోచెస్టర్ మొదటి భార్య, పేరు బెర్తా. నవల మొత్తంలో ఆవిడ గురుగురులాడటం, నవ్వడం, నిప్పు పెట్టడం తప్ప ఒక్క మాట మాట్లాడదు. డొమినికాలో పుట్టిన జీన్ రిస్ 1966లో 'వైడ్ సార్గాసో సీ' రాసి, ఆవిడకి బెర్తా అన్నది అసలు పేరే కాదు, ఆంటోనెట్, మొగుడు మార్చాడు అని చెప్పింది. ఆ మొగుడికి మాత్రం ఆ పుస్తకంలో పేరు పెట్టలేదు. ఎంత చక్కటి దెబ్బ!

నాకెందుకు తగిలిందంటే, మా అమ్మమ్మని అందరూ సుబ్బమ్మ అనేవాళ్ళు. అటక మీంచి పాత సామాను దించినప్పుడు ఒక ఇత్తడి బిందె దొరికింది, మెడ దగ్గర చుక్కలు కొట్టి "కామేశ్వరి" అని ఉంది. ఎవరిదే ఇది అని అమ్మనడిగితే, అమ్మమ్మదే, పుట్టింటివాళ్ళిచ్చింది అంది. మా ముత్తవ్వ పేరు కూడా కామేశ్వరేనట, అత్తగారి పేరు పెట్టి కోడల్ని పిలవడం బాగోదని కాపురానికొచ్చిన రోజే మార్చేశారట. పద్నాలుగేళ్ళ పిల్ల. దాని గురించి అమ్మమ్మ ఎప్పుడూ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు, అడగాలని తెలియదు. 'జేన్ ఐర్' మూడుసార్లు చదివి కూడా బెర్తా గురించి అడగాలని తెలియలేదు, అలాగే.

మూడో_కాపీ

కుమారి గారూ, ఆ బిందె ఇప్పుడెక్కడుంది?

నెల్లూరి_కుమారి

మా ఇంట్లోనే, బియ్యం పోసుకుంటున్నాను.

ఆల్జీరియాలో కమెల్ దావూద్ చేసిందీ ఇలాంటి పనే. కామూ 1942 నవలలో సముద్రపు ఒడ్డున చచ్చిపోయే అరబ్బుకి పేరే ఉండదు. దావూద్ 2013లో ఆ చచ్చినవాడి తమ్ముడి చేత కథ చెప్పించి, మా అన్న పేరు మూసా అనిపించాడు.

ఓరుగల్లు_రమ

మళ్లా జేమ్స్ దగ్గరికొస్తా. ఆ భాష పాఠం సీను చదివినంక నాకు రెండు రోజులు నిద్ర సరిగ పట్టలేదు, అందరికీ ఒక కారణం ఉంటది, నాది వేరే.

నేను ఇంటర్‌కి హాస్టల్ పోయిన. మొదటి వారమే మెస్సుల "ఇంకొంచెం కూర ఎయ్యుండ్రి" అంటే పక్కనున్న పిల్లలు నవ్విన్రు. ఒక టీచర్ అయితే క్లాసులనే నా మాటని మళ్లా అని చూపించింది. పది రోజుల్లో మార్చుకున్న. "వెయ్యండి", "వచ్చేశాను", "ఎందుకండీ". ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం నా భాష. ఒకరోజు వార్డెన్ పక్కనే ఉంటే బాపుతోని కూడా వాళ్ల భాషే మాట్లాడిన. అటు దిక్కు బాపు కొంచెంసేపు సప్పుడు చెయ్యలే. తర్వాత "మంచిగున్నవా బిడ్డా" అన్నడు.

జేమ్స్‌ది నాది తిరగేసిన కథ. వాళ్లకు ఇంట్ల ఉన్నది గ్రంథాల భాష, యాస ముసుగు. నాకు యాస ఇల్లు, పుస్తకాల భాష ముసుగు. కని తొడుక్కునేటప్పుడు గుండె దడ ఒకటే ఉంటది.

సిక్కోలు_కుర్రోడు

రమ గారూ, మీ పోస్టు చదివి టీ చల్లారిపోయింది.

ఇందులోంచి ఒక ప్రశ్న. ఎవరైనా జేమ్స్‌ని తెలుగు చెయ్యాలంటే ఆ రెండు భాషలకి ఏం వాడతారు? లోపలి భాషకి పేపర్ తెలుగు పెట్టొచ్చు. బయటి భాషకి?

మూడో_కాపీ

ఏదో ఒక యాస పెట్టాలి కదా. ఉత్తరాంధ్రదో, తెలంగాణదో.

సిక్కోలు_కుర్రోడు

ఇదుగో, ఇలాగే అంటారని తెలుసు. అంటే మా అమ్మ మాట్లాడే మాట, తెల్లదొరల్ని మోసం చెయ్యడానికి వేసుకునే తెలివితక్కువ వేషం అవుతుందా? సినిమాల్లో పనివాడు మా భాష మాట్లాడితే హాలంతా నవ్వింది చాల్దా? "ఏటి బావూ, ఎక్కడికెల్తన్నావు" అన్నది తప్పుల తెలుగు కాదు, మాకదే తెలుగు. కోపం మీ మీద కాదు గానీ, కొంచెం మండింది.

మూడో_కాపీ

తప్పే, ఆలోచించకుండా రాశాను. సారీ.

ఓరుగల్లు_రమ

నేనైతే ఏ జిల్లాదీ పెట్టను. దొరల ముందు మాట్లాడేటప్పుడు మనిషే మాయమైతడు గదా. "నేను" అనే మాటే తీసేస్తా. "తమరి దయ", "బాంచెన్", "ఏమెరుగుదుము" ఇట్ల. క్రియలుండయి, ఒక వాక్యం పూర్తి కాదు. అప్పుడు అది యాస కాదు, వంగి మాట్లాడుడు. వంగి మాట్లాడుడు అన్ని జిల్లాల్ల ఉన్నదే.

నిష్ఠూరం

ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే పనికొచ్చే మాట. రమ గారూ, మీరే మొదలుపెట్టండి, హక్కుల సంగతి ప్రచురణకర్తలు చూసుకుంటారు.

డిస్కౌంట్_బుక్స్

ఇంత సీరియస్‌గా నడుస్తుంటే నాదొక చిన్న బాధ. 'ప్రియురాలు పిలిచింది' చిన్నప్పుడు టీవీలో పది పన్నెండుసార్లు చూశాను. అది 1811 నాటి 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' అని మొన్న తెలిసి ఆ నవల కొన్నాను. కల్నల్ బ్రాండన్ వచ్చినప్పుడల్లా మమ్ముట్టి గొంతే వినిపిస్తోంది. సినిమాలో ఆయనకి ఒక కాలు ఉండదు కదా. బ్రాండన్‌కి రెండు కాళ్ళూ బాగానే ఉన్నాయి, నాకు మాత్రం ఒక కాలు లేనట్టే కనబడుతున్నాడు. దీనికి మందేమైనా ఉందా?

లలిత_డల్లాస్

లేదండీ. ఫార్మసిస్టుగా చెప్తున్నా 😂

డిస్కౌంట్_బుక్స్

సరే ఇంకో డౌటు, ఇది నిజంగానే. 'మైదానం'లో రాజేశ్వరి అమీర్‌తో వెళ్ళిపోయాక ఆ వకీలు మొగుడు ఆ రాత్రి ఇంటికొచ్చి ఏం చేశాడో రాయాలని ఎప్పట్నుంచో ఉంది. ఖాళీ ఇల్లు, కోర్టు కాగితాలు, పక్కింటివాళ్ళ చూపులు. అతన్ని మంచివాణ్ణి చెయ్యాలని కాదు. అసలు అతను ఎలా భోంచేశాడు ఆ రోజు, ఎవరు వండారు, అన్నది నాకు కావాలి. రాస్తే చిక్కులొస్తాయా?

నిష్ఠూరం

రచయిత పోయిన తర్వాత అరవయ్యేళ్ళు హక్కులుంటాయి మన చట్టంలో. చలం 1979లో పోయారు, కాబట్టి 2039 ఆఖరు దాకా ఉంటాయి. ఆ లోపు వెయ్యాలంటే వకీలుని అడిగి వెయ్యండి, మైదానం వకీలుని కాదు. అమెరికాలో 'గాన్ విత్ ద విండ్'ని బానిసల వైపు నుంచి ఆలిస్ రాండల్ రాస్తే 2001లో అచ్చు ఆపమని కేసు వేశారు. కింది కోర్టు ఆపింది, పై కోర్టు ఆ ఆర్డరు ఎత్తేసింది, చివరికి రాజీపడ్డారు. అట్ట మీద అనుమతి లేని పేరడీ అని వేసుకున్నారు.

అన్నట్టు, ఎవరు వండారు అన్న ప్రశ్న బాగుంది. రాయండి. నేనే ఈ మాట అంటున్నానని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

గోదారి_మాస్టారు

నిష్ఠూరం గారు మెత్తబడ్డారు, ఇవాళ వాన ఖాయం.

కానీ ఆయన మొదట చెప్పిన దాంట్లో నిజం ఉంది, కొట్టిపారెయ్యలేం. ఓల్గా గారి 'విముక్త' నాకు ఇష్టం, 2015లో అకాడెమీ అవార్డు కూడా వచ్చింది. సీత అడవుల్లో శూర్పణఖనీ అహల్యనీ కలుసుకుని మాట్లాడుకోవడం బాగుంటుంది. ఆ తర్వాత అదే బాణీలో వచ్చినవి కొన్ని చదివాను, ప్రతి పాత్రా ఉపన్యాసమే. కోపం ఉంది, మనిషి లేదు. ముక్కు కోసిన మనిషికి నీళ్ళు తాగితే మంటపుడుతుందా లేదా అన్నది చెప్పకుండా అన్యాయం అన్యాయం అంటే నేనేం వినను?

నిష్ఠూరం

మాస్టారూ, నేను చెప్పదల్చుకున్నది అదే, మీరు చెప్తే అందంగా ఉంది.

రిపోర్టు: నిన్న రాత్రి జేమ్స్ పూర్తి చేశాను. రెండో భాగం కాస్త సినిమా ఛేజింగ్‌లా అనిపించింది, ఆ మాట మీద నిలబడతాను. పెన్సిల్ దగ్గర మాత్రం ఏమీ మాట్లాడను. ముగింపు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పను గానీ, హక్ విషయంలో అలా చెయ్యొచ్చా అని ఎవరితోనైనా పోట్లాడాలని ఉంది. చదివినవాళ్ళు విడిగా మెసేజ్ పెట్టండి.

ఓరుగల్లు_రమ

నేను పెడుతున్న. నాకైతే అది నచ్చింది, పోట్లాడుదాం పట్టుండ్రి.

గోదారి_మాస్టారు

మీరందరూ ఇంత చెప్పాక నేనొక్కణ్ణే చదవకుండా ఉండటం బాగోలేదు. రాజమండ్రిలో అడిగాను, తెప్పించడానికి పదిహేను రోజులన్నారు. చిన్న అక్షరాలైతే నా కళ్ళకి కష్టం, ఎలా ఉంటాయి?

మూడో_కాపీ

అక్షరాలు పర్లేదండీ, మరీ చిన్నవి కావు. కొనకండి, నాదే పంపిస్తాను, అడ్రసు మెసేజ్ చెయ్యండి. పాఠం సీను దగ్గరా ఇంకొన్నిచోట్లా పెన్సిల్‌తో గీతలు గీశాను, చదవడానికి అడ్డమొస్తే చెరిపేసుకోండి.

గోదారి_మాస్టారు

చెరపను నాయనా. నావి పక్కన గీస్తాను.